ఎద, ఈత, ఎడం: ఇంటి కుక్కల సంతానంలో యజమాని పాత్ర

చిత్తూరు నుంచి పలమనేరు వైపు సాగే జాతీయ రహదారి మీద ఉన్న బంగారుపాళ్యం మండలంలో కుక్కకు చేతినిండా పని ఉంది. తోతాపురి కాపు చెట్ల మీద ఉన్నన్నాళ్ళూ మామిడితోటకు రాత్రికాపు తప్పదు. కౌండిన్య అభయారణ్యం వైపు నుంచి దిగివచ్చే ఏనుగుల అలికిడినైనా, గట్లు తవ్విపోసే అడవిపందుల రాకనైనా మనిషికన్నా ముందు పసిగట్టి మొరిగేది బోరు షెడ్డు దగ్గరి కుక్కే. చెన్నై, బెంగళూరు నగరాలను కలిపే దారి ఇదే కావడంతో, ఊరికుక్కల పక్కనే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పగ్ వంటి జాతుల పిల్లలు కూడా ఇక్కడి ఇళ్ళకు చేరుతున్నాయి. ఒక ఆడ, ఒక మగ కలిపి తెచ్చుకున్న ఇంట్లో మొదటి కొన్ని నెలలు ఏ చిక్కూ కనిపించదు. ఆడకుక్క తొలిసారి ఎదకు వచ్చిన రోజున మాత్రం, అప్పటిదాకా కలిసి తిని కలిసి పడుకున్న ఆ రెండింటినీ ఏం చేయాలో తెలియక ఇల్లంతా తికమకపడుతుంది.

కుక్కలు పిల్లల్ని పెట్టడం ప్రకృతి ధర్మమే అయినా, ఇంట్లో పెరిగే కుక్క ఎప్పుడు, దేనితో, ఎన్నిసార్లు జతకట్టాలన్నది ప్రకృతి తేల్చే విషయం కాదు. గేటు తాళం ఎవరి చేతిలో ఉంటే వారు తేల్చే విషయం. ఆ నిర్ణయం సరిగా ఉండాలంటే ఆడకుక్క శరీరంలో ఎద నడిచే తీరు, మగకుక్క ప్రవర్తన వెనుక ఉన్న కారణం, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు లోపాలు సంక్రమించే పద్ధతి, ఈ మూడూ యజమానికి తెలిసి ఉండాలి.

ఎదచక్రం నడిచే తీరు

ఆవు దాదాపు 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తుందన్నది పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన లెక్క. కుక్కకు ఆ లెక్క వర్తించదు. ఆడకుక్క సాధారణంగా 6 నుంచి 12 నెలల వయసులో తొలిసారి ఎదకు వచ్చి, ఆ తరువాత సుమారు ఆరేడు నెలలకు ఒకసారి చొప్పున వస్తుంది. చిన్న జాతుల్లో తొలి ఎద ముందుగాను, భారీ జాతుల్లో ఏడాదిన్నర దాటాక కూడాను కనిపించవచ్చు. చిత్తకార్తె కుక్కలన్న తెలుగు నానుడి ఊరికే పుట్టలేదు. అక్టోబరు నడుమ వచ్చే ఆ కార్తెకు కాస్త అటూ ఇటూగా, అంటే వానాకాలం చివరన, మన దేశపు వీధికుక్కలు ఎక్కువగా జతకడతాయనీ, చలికాలంలో పిల్లల్ని పెడతాయనీ పశ్చిమ బెంగాల్‌లో శాస్త్రజ్ఞులు చేసిన పరిశీలనలు కూడా తెలిపాయి. ఏడాది పొడవునా తిండి, నీడ దొరికే ఇంటికుక్క మాత్రం ఏ నెలలోనైనా ఎదకు రావచ్చు కనుక, దాని తేదీలను కార్తెల్ని బట్టి కాక, గోడమీది క్యాలెండరులో రాసుకుని గుర్తుపెట్టుకోవాలి.

ఎద రెండు దశల్లో సాగుతుంది. సగటున 9 రోజులు ఉండే మొదటి దశలో ఈస్ట్రోజన్ అనే హార్మోను పెరిగి, జననాంగం ఉబ్బి, రక్తం కలిసిన స్రావం కనిపిస్తుంది. మగకుక్కలు వెంటపడతాయి గాని ఆడకుక్క దగ్గరికి రానివ్వదు. సగటున మరో 9 రోజులు ఉండే రెండో దశలో స్రావం రంగు తగ్గి, ఆడకుక్క తోక పక్కకు తిప్పి మగకుక్కను అంగీకరిస్తుంది. ఈ రక్తాన్ని చాలామంది స్త్రీల బహిష్టుతో పోల్చుకుని పొరబడతారు. స్త్రీలలో గర్భం నిలవనప్పుడు గర్భాశయపు లోపలి పొర ఊడి రక్తస్రావమవుతుంది. కుక్కలో రక్తం అండం విడుదల కాకముందే, గర్భాశయం గర్భానికి సిద్ధమయ్యే సమయంలో వస్తుంది. కాబట్టి రక్తం ఆగింది, ఇక భయం లేదనుకుని గొలుసు విప్పే రోజే అసలైన ప్రమాదపు రోజు.

కుక్క అండానికి మరో ప్రత్యేకత ఉంది. విడుదలయ్యే నాటికి అది ఇంకా పక్వం కాదు. పక్వం కావడానికి రెండు మూడు రోజులు పట్టి, ఆ తరువాత మరో రెండు మూడు రోజులు బతికి ఉంటుంది. మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క శరీరంలో దాదాపు వారం దాకా జీవించగలవు. ఈ రెండూ కలిసి, అండం విడుదలకు నాలుగు రోజుల ముందు జరిగిన కలయికకూ, నాలుగు రోజుల తరువాత జరిగిన కలయికకూ ఒకే ఈతలో పిల్లలు పుట్టే వీలు కల్పిస్తాయి. అందుకే ఒకే తల్లి ఒకే రోజు ఈనిన పిల్లల్లో కొన్నింటికి ఇంటి లాబ్రడార్, మరికొన్నింటికి వీధికుక్క తండ్రులు కావచ్చు.

సరైన రోజును గుర్తించడానికి పశువైద్యులు దూదిపుల్లతో యోని గోడను సున్నితంగా తుడిచి, ఆ కణాలను గాజు పలక మీద రాసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఎద మొదలులో కణాలు గుండ్రంగా, పెద్ద కేంద్రకంతో, చుట్టూ ఎర్ర రక్తకణాలతో కనిపిస్తాయి. ఈస్ట్రోజన్ ప్రభావంతో యోని పొర మందమయ్యే కొద్దీ అవి పలచబడి, అంచులు కోణాలు తేలి, కేంద్రకం కుంచించుకుపోయి చివరకు మాయమవుతుంది. పలకంతా అటువంటి కేంద్రకం లేని కణాలతో నిండితే ఆడకుక్క కలయికకు సిద్ధంగా ఉన్నట్టు. అంతకన్నా కచ్చితమైనది రక్తంలో ప్రొజెస్టరాన్ పరీక్ష. ఆ హార్మోను మిల్లీలీటరుకు 2 నానోగ్రాముల దగ్గర ఉంటే అండం విడుదల దగ్గరపడిందనీ, 5 దాటితే విడుదల జరిగిందనీ, ఆపై రెండో రోజు నుంచి కలయిక ఎక్కువ ఫలప్రదమనీ అంచనా వేస్తారు. పదకొండో రోజున దాటించాలనే స్థిరమైన లెక్క కొన్ని కుక్కలకు సరిపోయినా, ఎద దశలు ఒక్కో కుక్కలో ఒక్కో నిడివితో నడుస్తాయి కనుక చాలాసార్లు గురి తప్పుతుంది.

ఒకే గేటు లోపల ఆడా మగా

మగకుక్కకు ఎదచక్రం లేదు. వయసు వచ్చాక ఏడాది పొడవునా సిద్ధంగా ఉండి, ఎదలో ఉన్న ఆడకుక్క మూత్రంలోని వాసనను చాలా దూరం నుంచే పసిగడుతుంది. ఆ రోజుల్లో తిండి మానడం, రాత్రంతా ఊళవేయడం, గేటు కింద గుంత తవ్వడం, మూలమూలలా మూత్రం చిమ్మడం, అప్పటిదాకా స్నేహంగా ఉన్న మరో మగకుక్క మీద పడడం మొండితనం కాదు, హార్మోన్ల ఒత్తిడి. కొట్టడం వల్ల, పస్తు ఉంచడం వల్ల అది తగ్గదు.

అన్నాచెల్లెళ్ళు కదా, తల్లీకొడుకులు కదా అన్న ఊరటకు కుక్కల లోకంలో అర్థం లేదు. ఒకే ఈతలో పుట్టినవైనా ఎద సమయంలో జతకడతాయి. అందువల్ల రక్తం కనిపించిన తొలి రోజు నుంచి కనీసం మూడు వారాలు, జననాంగం వాపు పూర్తిగా తగ్గేవరకు, ఆడా మగలను వేరుగా ఉంచాలి. ఒక తలుపు చాలదు. పిల్లలో పెద్దలో ఒక్కసారి మరిచిపోయినా రెండోది అడ్డుపడేలా రెండు మూసిన తలుపులు వాటి నడుమ ఉండాలి. మగకుక్కను ఆ మూడు వారాలు బంధువుల ఇంట్లో ఉంచడం అన్నిటికన్నా సుఖమైన పద్ధతి. ఎదలో ఉన్న ఆడకుక్కను తోటలో బోరు షెడ్డుకు కట్టేసి రావడం మాత్రం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. గొలుసు దానిని పారిపోకుండా ఆపుతుంది గాని, ఊరి మగకుక్కలను రాకుండా ఆపదు. దుకాణాల్లో అమ్మే కుక్క డైపర్లు నేలమీద మరకలు పడకుండా చూస్తాయే తప్ప గర్భాన్ని ఆపలేవు.

కలయిక సమయంలో మగకుక్క అంగం మొదట్లో ఉండే కండ ఉబ్బి, ఆడకుక్క యోని కండరాలు దాన్ని బిగించడం వల్ల రెండూ ఒకదానికొకటి అతుక్కుని, వెనుదిరిగి నిలబడతాయి. ఈ స్థితి ఐదు నిమిషాల నుంచి ముప్పావుగంట దాకా ఉండవచ్చు. నీళ్ళు చల్లి, కర్రతో కొట్టి విడదీసే ప్రయత్నం రెండింటికీ గాయాలు చేస్తుంది. పైగా వీర్యకణాలున్న భాగం అప్పటికే లోపలికి చేరి ఉంటుంది కనుక దానివల్ల గర్భమూ ఆగదు. అవి విడిపోయాక ఆడకుక్కను పశువైద్యునికి చూపించడమే మిగిలిన మార్గం. గర్భం నిలవకుండా ఒకప్పుడు ఇచ్చిన ఈస్ట్రోజన్ ఇంజెక్షన్లు ఎముకమజ్జను దెబ్బతీసి, గర్భాశయంలో చీము చేరడానికి కారణమవుతాయి. ఎదను వాయిదా వేయడానికి ఇచ్చే ప్రొజెస్టరాన్ తరహా ఇంజెక్షన్లు కూడా అదే చీమువ్యాధికి, రొమ్ము కణుతులకు దారితీస్తాయి. ఒకసారి వీధికుక్కతో దాటిన జాతికుక్క ఇక ఎన్నడూ మేలుజాతి పిల్లల్ని పెట్టదన్న నమ్మకానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. ఒక ఈతలోని తండ్రి ప్రభావం మరో ఈతలోకి సాగదు.

విచ్చలవిడి కలయికతో వచ్చే జబ్బుల్లో విచిత్రమైనది జననాంగాల మీద పెరిగే అంటుకణితి. సూక్ష్మజీవి వల్ల కాకుండా, ఒక కుక్క క్యాన్సరు కణమే మరో కుక్క శరీరంలో నాటుకుని పెరగడం వల్ల ఇది వ్యాపిస్తుంది. 1876లోనే రష్యా పశువైద్యుడు నొవిన్‌స్కీ దీన్ని ఒక కుక్క నుంచి మరో కుక్కకు నాటి చూపాడు. వేల ఏళ్ళ కిందట ఆసియాలో ఏదో ఒక కుక్కలో పుట్టిన కణాల సంతతే నేటికీ ప్రపంచమంతటా ఈ కణితుల్లో బతుకుతున్నదని జన్యు పరిశోధనలు తేల్చాయి. మన వీధికుక్కల్లో ఇది తరచుగా కనిపిస్తుంది; విన్‌క్రిస్టిన్ అనే మందుతో చాలావరకు నయమవుతుంది.

ఆపరేషన్: ఎందుకు, ఎప్పుడు

ఎద ముగిశాక, చూలు నిలిచినా నిలవకపోయినా, ఆడకుక్క రక్తంలో ప్రొజెస్టరాన్ దాదాపు రెండు నెలలు ఎక్కువగానే ఉంటుంది. అందుకే కొన్ని కుక్కలు గర్భం లేకుండానే పాలు దిగి, చెప్పునో బొమ్మనో పిల్లగా భావించి కాపాడుకుంటాయి. దీనినే అబద్ధపు చూలు అంటారు, ఎక్కువగా దానంతట అదే తగ్గుతుంది. ఇదే హార్మోను ఎద తరువాత ఎద గర్భాశయపు పొరను మందం చేస్తూ పోవడం వల్ల, వయసు పెరిగిన కుక్కల్లో ఎద ముగిసిన కొన్ని వారాలకు గర్భాశయంలో చీము నిండే పయోమెట్రా అనే ప్రాణాంతక వ్యాధి వస్తుంది. అతిగా నీళ్ళు తాగడం, తిండి మానడం, వాంతులు దాని గుర్తులు. గర్భాశయ ముఖం మూసుకుని ఉంటే చీము బయటికి కనిపించదు కనుక ముప్పు మరీ ఎక్కువ.

ఒక్క ఈతైనా ఈనితేనే ఆడకుక్క ఆరోగ్యంగా ఉంటుందనే మాట నిజం కాదు. పిల్లల్ని కనడం చీమువ్యాధి నుంచి శాశ్వత రక్షణ ఇవ్వదు. అండాశయాలను, గర్భాశయాన్ని తొలగించే ఆపరేషన్ ఇస్తుంది. తొలి ఎదకు ముందే ఆపరేషన్ చేయిస్తే రొమ్ము కణుతుల ముప్పు బాగా తగ్గుతుందని 1969లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చెప్పింది. ఆ ఆధారాలు అనుకున్నంత బలమైనవి కావని 2012లో జరిగిన పునఃసమీక్ష అభిప్రాయపడింది. మరోవైపు, గోల్డెన్ రిట్రీవర్ వంటి పెద్ద జాతుల్లో ఏడాది నిండకముందే చేసిన ఆపరేషన్ కీళ్ళజబ్బులను పెంచుతుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో 2013 నుంచి వెలువడిన పరిశోధనలు చూపాయి. కాబట్టి చిన్న జాతులకూ ఊరికుక్కలకూ ఆరు నెలల ప్రాంతంలో, భారీ జాతులకు ఎదుగుదల పూర్తయ్యాక చేయించడం మేలు.

మగకుక్కకు వృషణాలు తొలగించాక ఇల్లు విడిచి తిరగడం, మూత్రం చిమ్మడం చాలావరకు తగ్గుతాయి. భయం వల్ల వచ్చే కోపం మాత్రం తగ్గకపోవచ్చు. నాళాల్లో మిగిలిన వీర్యకణాల వల్ల ఆపరేషన్ తరువాత కొన్ని వారాలు కూడా గర్భం చేయగలదు కనుక, నెలా నెలన్నర పాటు ఎదలో ఉన్న ఆడకుక్కకు దూరంగా ఉంచాలి.

తల్లిదండ్రుల ఎంపిక

బంగారుపాళ్యం రైతుకు అంటు మామిడి కొత్త కాదు. తోతాపురి కొమ్మతో కట్టిన అంటు ఎక్కడ నాటినా తోతాపురే కాస్తుంది, ఎందుకంటే జన్యుపరంగా అది తల్లిచెట్టుకు నకలు. కుక్కపిల్ల అలా కాదు. తల్లి జన్యువుల్లో సగం, తండ్రి జన్యువుల్లో సగం కొత్తగా కలిసి ఏర్పడిన ప్రాణి. అందమైన రెండు కుక్కలకు పుట్టే పిల్లలన్నీ అందంగా, ఆరోగ్యంగా ఉంటాయన్న భరోసా లేదు. పైకి కనిపించని లోపపు జన్యువు తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి ఉంటే, పిల్లల్లో నాలుగింట ఒకదానికి రెండూ చేరి జబ్బుగా బయటపడే అవకాశం ఉంటుంది. తోబుట్టువుల మధ్య, లేదా తల్లికీ కొడుక్కీ మధ్య జతకడితే పుట్టే పిల్లల జన్యుస్థానాల్లో సగటున 25 శాతం చోట్ల, ఒకే పూర్వీకుని నుంచి వచ్చిన ఒకే జన్యువు రెండు వైపుల నుంచీ చేరుతుంది. మారుబిడ్డల మధ్య, అంటే తల్లి గాని తండ్రి గాని ఒక్కరే ఉమ్మడిగా ఉన్నవాటి మధ్య, అది 12.5 శాతం. ఈ లెక్కను అంతఃప్రజనన గుణకం అంటారు. అది పెరిగే కొద్దీ పిల్లల సంఖ్య తగ్గడం, పుట్టినవి నిలవకపోవడం, దాగిన జబ్బులు బయటపడడం ఎక్కువవుతాయి.

దీనికి ఉదాహరణ దక్షిణాదిలోనే ఉంది. తమిళనాడులో తెలుగు రాజుల కుటుంబాలు స్థిరపడిన రాజపాళయం పట్టణం పేరుతో ప్రసిద్ధమైన వేటకుక్క, 2005లో తపాలా శాఖ భారతీయ కుక్కజాతుల మీద విడుదల చేసిన బిళ్ళలకెక్కింది. కర్నాల్‌లోని జాతీయ జంతు జన్యు వనరుల బ్యూరో తొలుత నమోదు చేసిన మూడు కుక్కజాతుల్లో చిప్పిపారై, ముధోల్‌తో పాటు ఇదీ ఉంది. పాలతెలుపు ఒళ్ళు, గులాబీరంగు ముక్కు ఉన్న కుక్కనే మేలైనదిగా ఎంచి తరతరాలుగా వాటినే కలుపుతూ రావడంతో ఈ జాతిలో పుట్టుచెవుడు కనిపిస్తుంది. చర్మానికి రంగునిచ్చే కణాలే లోపలి చెవిలోని సూక్ష్మ భాగాల పనికి కూడా అవసరం; ఆ కణాలు చెవిదాకా చేరకపోతే వినికిడి నశిస్తుంది. డాల్మేషియన్ జాతిలోనూ చెవుడు ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే.

రాయలసీమకు తనదైన కుక్కలు లేకపోలేదు. కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలోని పందికోన ఊరిపేరుతో పిలిచే కాపలా కుక్కలు ఎండకూ, తక్కువ తిండికీ ఓర్చుకున్నవి. అటు కోస్తాలో, కొల్లేరు పరిసరాల్లో బాతుల మందలను తోలిన పొట్టివెంట్రుకల జోనంగి చేపల చెరువులు పెరిగే కొద్దీ తగ్గిపోయింది. ఇటువంటి కొద్దిపాటి సంఖ్యలో మిగిలిన జాతులను కాపాడాలనుకునేవారు ఒకే పేరున్న మగకుక్కను అందరూ వాడుకోవడం మానాలి. అది ఒక్క తరంలోనే ఊరంతటి కుక్కలను సవతి తోబుట్టువులుగా మార్చి, తరువాతి తరానికి ఎంపికే లేకుండా చేస్తుంది.

ఎంపిక చేసే ముందు లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి జాతుల్లో రెండేళ్ళు నిండాక తుంటి కీళ్ళ ఎక్స్‌రే, రెండు కుక్కలకూ బ్రుసెల్లా అనే బాక్టీరియా పరీక్ష చేయించడం కనీస జాగ్రత్త. ఒక వృషణం లోపలే ఉండిపోయిన మగకుక్కను, కారణం లేకుండా కరిచే కుక్కను, ఊపిరి తీసుకోవడానికే గురకపెట్టే పగ్‌ను సంతానానికి వాడకూడదు. 1896లో ఏర్పడిన కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే కాగితం వంశాన్ని చెబుతుందే తప్ప ఆరోగ్యానికి పూచీ కాదు.

చూలు, ఈత, పిల్లలు

అండం విడుదలైన నాటి నుంచి చూలు దాదాపు 63 రోజులు. నాలుగు వారాలకు స్కానింగ్‌లో పిండాల గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. 55 రోజులు దాటాక ఎక్స్‌రేలో పిల్లల పుర్రెలను, వెన్నెముకలను లెక్కపెట్టి, ఈత పూర్తయిందో లేదో తెలుసుకునే వీలుంటుంది. చివరి మూడు వారాల్లో తిండి పెంచాలి గాని, బలానికని కాల్షియం మాత్రలు వేయకూడదు. బయటి నుంచి కాల్షియం ఎక్కువగా అందితే ఎముకల నుంచి దాన్ని తీసుకునే శరీర యంత్రాంగం మందగించి, ఈనిన రెండు నుంచి నాలుగు వారాలకు పాలలోకి కాల్షియం పోయే సమయంలో తల్లికి వణుకు, మూర్ఛలు వస్తాయి. చిన్న జాతుల్లో ఇది సాధారణం. వెంటనే సిరలోకి కాల్షియం ఎక్కించకపోతే ప్రాణం పోవచ్చు.

ఈతకు ఒక రోజు ముందు తల్లి ఒంటివేడి 99 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగుతుంది. ఒక పిల్లకూ మరో పిల్లకూ నడుమ రెండు గంటలు దాటినా, అరగంటపాటు గట్టిగా ముక్కుతున్నా పిల్ల రాకపోయినా, పిల్ల రాకముందే ముదురాకుపచ్చ స్రావం కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పిల్లలు మొదటి రెండు మూడు వారాలు ఒంటివేడిని తామే కాపాడుకోలేవు కనుక చలికాలపు ఈతకు వెచ్చని చోటు కావాలి. ముర్రుపాలు తొలి రోజులోనే అందాలి. తల్లి ద్వారా కడుపులోనే సంక్రమించే నులిపురుగుల కోసం రెండో వారం నుంచి మందు వేయాలి. తల్లి ఇచ్చిన రక్షణ టీకాను పనిచేయనివ్వకపోవచ్చు కనుక పార్వో టీకాను 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి 16 వారాల దాకా మళ్ళీ మళ్ళీ వేయించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా తప్పనిసరి. మూడు నుంచి పన్నెండు వారాల మధ్య పిల్ల చూసిన మనుషులు, విన్న శబ్దాలు దాని జీవితకాలపు స్వభావాన్ని నిర్ణయిస్తాయి. ఆ వయసులో బోనులో పెరిగిన పిల్ల పిరికిగా, కరిచేదిగా తయారవుతుంది.

చట్టం కోరేది, ఊరు కోరేది

1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన కుక్కల సంతానోత్పత్తి, విక్రయ నిబంధనల ప్రకారం, అమ్మకానికి పిల్లల్ని పుట్టించేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండాలి, ఏడాదికి ఒక ఈత, జీవితంలో ఐదు ఈతలు మించకూడదు, ఎనిమిదేళ్ళు దాటాక సంతానానికి వాడకూడదు, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు పెంపుడు కుక్క టీకా, నులిపురుగుల మందు, ఆపరేషన్ బాధ్యతను యజమాని మీదే పెట్టాయి.

ఈ సేవలు బంగారుపాళ్యానికి అందనంత దూరంలో లేవు. ఏటా జులై 6న పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1955లో మొదలైన తిరుపతి పశువైద్య కళాశాల, దాన్ని కలుపుకుని 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం జిల్లా పొరుగునే ఉన్నాయి. అమ్ముడుపోని పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, రహదారి పక్కన హోటళ్ళ దగ్గర వదిలేయడంతో ఒక ఇంటి అజాగ్రత్త ఊరందరి రేబిస్ భయంగా మారుతుంది. కనుక ఆడకుక్క ఎదతేదీలు రాసుకునే ఓపిక, తల్లిదండ్రులిద్దరికీ పరీక్షలు చేయించే స్తోమత, పుట్టబోయే ప్రతి పిల్లకూ ముందే కుదుర్చుకున్న ఇల్లు ఉన్నవారు మాత్రమే తమ కుక్కతో పిల్లల్ని పెట్టించాలి; ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా తదుపరి ఎద రాకముందే ఆపరేషన్ చేయించాలి.